వారో ఎవరి బదులు వెళ్లాడు

అక్కడొద్దు తల్లీ, ఆ కుర్చీ కాలు వదులుగా ఉంది, ఇటొచ్చి కూర్చో. కాఫీ పోసుకో, పొద్దున కాచిందే గానీ తాగొచ్చు. ఊఁ, ఏమన్నావ్? సైన్యం రిజర్వులో ఉన్న మెడిక్ తనంతట తనే యుద్ధం డ్యూటీకి పేరిచ్చుకోవాలంటే ఎట్లాగనా? మీ సెంటర్‌లో అంతమంది సార్జెంట్లుండగా నన్నడుగుతున్నావంటే మీ అమ్మకి తెలియకూడదనేగా. సరేలే, దమారిస్ కూతురు మెడిక్ అయిందని విన్న రోజే అనుకున్నా, ఎప్పుడో ఒకప్పుడు ఈ మెట్లెక్కుతావని. చూడూ, నాకు వైద్యం రాదు. నేను మా సెంటర్‌లో సామాన్ల గది చూసేవాణ్ణి. కానీ పోయేవాడెవడైనా బూట్లకీ సంచులకీ నా కిటికీ దగ్గరికే రావాలి, కాబట్టి ఎవరెట్లా పోయారో నాకు తెలుసు. ముందు పళ్లు చూస్తారు. నవ్వకు. ఒంట్లో ఏముందో తర్వాత సంగతి, నోట్లో పుచ్చుపన్నుంటే గడప దాటనివ్వరు. మా రోజుల్లో పోవడం ఇష్టంలేని కుర్రాళ్లు పుచ్చుపన్నుని కన్నకొడుకులా పెంచుకునేవాళ్లు. ఆ తర్వాత టీకాలు, కళ్లు, పరుగు. అన్నీ సరిపోతే దారులు రెండు. మీ యూనిట్‌నే మనిషినిమ్మని అడిగితే నువ్వు మీ కెప్టెన్‌కి చెప్తావు, నేను పోతానని. అట్లా కాక ఇంకెక్కడో ఏదో యూనిట్‌కి మెడిక్ తక్కువైతే ఆ ఖాళీకి పేరిస్తావు, అప్పుడు మీ కెప్టెన్ నిన్ను వదలాలి. ఆయన వదలకపోతే ఇంట్లో కూర్చోవడమే. బయట్నించి చూస్తే రెండూ ఒకటేలా ఉంటాయి. కాదు. అది తెలియకే కదా వారో అట్లా అయ్యాడు.

వారో అంటే ఎవారిస్తో. మీ ఇంట్లో ఆ పేరెత్తరు, నాకు తెలుసు. పారిపోయినవాడు అంటుంది మీ అమ్మ, ఇప్పటికీ. మన ఊరి అంబులెన్సు నడిపేవాడు, ఆ కొండ మలుపుల్లో కళ్లు మూసుకుని పోయేవాడు, పక్కన కూర్చున్నవాళ్లు మాత్రం కన్యమరియని తల్చుకునేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. డొమినో ఆటలో మోసం చేసేవాడు, అదీ చేతకాక ప్రతిసారీ దొరికిపోయేవాడు. దొరికిపోతే ముక్కలన్నీ కలిపేసి, "ఇది శిక్షణ, అసలాట ఇప్పుడు" అనేవాడు. కానీ సూది చేతికొస్తే వేరే మనిషి. మా సెంటర్‌లో వయసులో పెద్ద మెడిక్ వాడే. మీ అమ్మ కొత్తగా చేరినప్పుడు నరం దొరికేది కాదు, ముందు నాకే పొడిచింది, ఇదిగో ఇక్కడ. వారో పక్కన నిలబడి, కళ్లతో వెతక్కు పిల్లా, వేలితో వెతుకు అనేవాడు. నేర్చుకుంది. బాగా నేర్చుకుంది. సొంత కూతురికి నేర్పినట్టు నేర్పాడు, అది మీ అమ్మ కూడా కాదనదు, అడిగి చూడు. వద్దులే, అడక్కు.

ఎడారిలో యుద్ధం ముదిరిన ఏడాది అది. మా మెడిక్‌లలో చాలామంది అప్పటికే వెళ్లిపోయారు, మిగిలింది వారో, మీ అమ్మ. నువ్వు చంకలో ఉన్నావు. కొత్త తల్లిని కొన్నాళ్లు వదిలేస్తారు, ఆ గడువు దాటిపోయింది. ఆ ఆదివారం కెప్టెన్ కిన్యోనెస్ అందర్నీ వరసలో నిలబెట్టి, మన యూనిట్ నించి ఒక మెడిక్ కావాలంట, ఇష్టపడి ఎవరైనా వస్తే సంతోషం, లేకపోతే నేనే పేరు చెప్పాల్సి వస్తుంది అన్నాడు. అందరూ బూట్లు చూసుకున్నారు. అది మా దగ్గర పద్ధతి, మీ దగ్గర మారిందేమో తెలీదు. నలుగురి ముందు చెయ్యెత్తకూడదు. ఎత్తితే, చూశారా వీడొక్కడే మగాడు, మనమంతా పిరికోళ్లమా అంటారు. ఎత్తనివాడి తల్లి ఎత్తినవాణ్ణి బజారులో పట్టుకుని దులిపేస్తుంది. పోవాలనుకున్నవాడు తర్వాత గుట్టుగా చేసుకోవాలి. వారో కూడా పద్ధతి ప్రకారమే బూట్లు చూసుకున్నాడు. చూసుకుని, ఇంటికెళ్లి, పొరుగూరి సెంటర్‌లో గుమస్తా ఒకణ్ణి పట్టుకుని, మెడిక్ కావాలని కనబడిన మొదటి ఖాళీకి పేరిచ్చేశాడు. మన సెంటర్‌నించి ఒకడు పోతున్నాడు, ఒకడినే అడిగారు, లెక్క సరిపోయిందిగా అనుకున్నాడు. అర్థమైందా? అది వేరే యూనిట్ ఖాళీ. వాడిది రెండో దారి. కెప్టెన్ అడిగింది మొదటి దారి.

కెప్టెన్ చెడ్డవాడు కాదు. వదలమని కాగితం వస్తే, ముసలాడికి సరదా పుట్టిందేమో, మనమెందుకు అడ్డం అని సంతకం పెట్టాడు. ఎందుకు పోతున్నావని ఆయన అడగలేదు, ఫలానా పిల్ల బదులు అని వీడు చెప్పలేదు. ఆ ఒక్క ముక్క చెప్పుంటే ఆయనే సరైన పేరు సరైన చోట పెట్టేవాడు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే రేపు మీ అమ్మ వాడికి రుణపడ్డట్టు ఊరంతా మాట్లాడుకుంటారని. బూట్ల కోసం నా దగ్గరికొచ్చాడు, పన్ను పీకించుకుని, బుగ్గ బన్నులా ఉంది. ఈ వయసులో నీకేం పొయ్యేకాలం అన్నా. ఈ కొండరోడ్లు విసుగొచ్చాయి ఫెర్మిన్, బల్లపరుపు నేల చూసొస్తా అన్నాడు. మహా సంతోషంగా ఉన్నాడు. వాడు విమానమెక్కాక కెప్టెన్ తన మెడిక్‌లని చూసుకుంటే మీ అమ్మ ఒక్కతే కనబడింది, ఆమె పేరే రాసిచ్చాడు. ఆ రోజు మీ అమ్మమ్మ సెంటర్ వరండాలో నిలబడి అరిచిన అరుపు ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టు దాకా వినబడింది. ఆ ముసలాడికి దేశాలు తిరగాలని బుద్ధి పుడితే పాలిచ్చే నా కూతుర్ని పంపుతారా అని. ఊరూ అదే అంది. నేను కూడా అదే అన్నా, తెలీదుగా.

వాడికి కువైట్‌లో తెలిసింది. అక్కడొక పెద్ద శిబిరం ఉండేది, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అందరూ కొన్నాళ్లు అక్కడ ఆగాల్సిందే. అన్నం వరసలో పళ్లెం పట్టుకుని నిలబడ్డాట్ట, ముందున్న అమ్మాయి తిరిగితే మీ అమ్మ. నువ్విక్కడేంటి పిల్లా అన్నాడు. ఏం మాట్లాడిందో వాడు నాకు అట్లాగే అప్పజెప్పాడు. "నువ్వు పోయావుగా. ఇంక మిగిలిందెవరు? పిల్లకి సీసా అలవాటు చేసి వచ్చా." అంతే అని పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. వీడు తన ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాడు, నన్ను అటు వెయ్యండి, ఆమెని ఇంటికి పంపండి అని. సైన్యం అంటే మన డొమినో బల్లా? ఎవరి స్థానం వాళ్లకి ఖాయమైపోయింది, పోయి పని చూసుకో అన్నాడాయన.

ఇద్దరూ తిరిగొచ్చారు, గీత పడకుండా. మీ అమ్మ వచ్చేసరికి నువ్వు నడుస్తున్నావు. విమానాశ్రయంలో చేతులు చాపితే మీ అమ్మమ్మ గౌను వెనక దాక్కున్నావు, ఆవిణ్ణే అమ్మా అన్నావు. చాలా రోజులు అట్లాగే అన్నావు. నీ తప్పేముంది అందులో. తర్వాత వారో మళ్లీ అంబులెన్సు ఎక్కాడు, డొమినోలాడాడు, మోసం చేయడం మానేశాడు. వాడు ఎదురొస్తే మీ అమ్మ రోడ్డు దాటి అవతలకి పోయేది. ఆ పెద్ద తుఫానుకి ముందే వారో పోయాడు, గుండె ఆగి. మట్టివ్వడానికి మీ అమ్మ రాలేదు, నేను తప్పు పట్టలేదు.

నాకెప్పుడు చెప్పాడా? తిరిగొచ్చిన కొత్తలో, ఇక్కడే కూర్చుని. నేను ఊరుకోలేదు. వెళ్లి ఆ పిల్లకి చెప్పరా, నీ బదులే పోయానని చెప్పు, ఇట్లా బెడిసికొట్టిందని చెప్పు, తిట్టడమైనా మానేస్తుంది అన్నా. వద్దన్నాడు. "కన్నబిడ్డ గుర్తుపట్టలేదు ఫెర్మిన్. ఎవరో ఒకర్ని తిట్టుకోవాలి కదా. నేను చెప్పేస్తే ఇంకెవర్ని తిట్టుకుంటుంది, బిడ్డనా?"



ఆ కిటికీ వెయ్యమ్మా, జల్లు లోపలికొస్తోంది.