మూడో లెక్క

మధ్యాహ్నం గంట కొట్టగానే, ఆ ఉదయమే ఉద్యోగంలో చేరిన లెక్కల టీచరు నోటుపుస్తకాల దొంతర మోసుకుంటూ హెడ్మాస్టరు గదిలోకి వచ్చింది.

"సార్, లెక్కల పోస్టు రెండేళ్లుగా ఖాళీ అన్నారు. మరి నిన్నటిదాకా ఈ పుస్తకాలు దిద్దిందెవరు?"

"కూర్చోమ్మా. పాత మాస్టారు పోయాక ఎవర్నీ వెయ్యలేదు. ఆ పీరియడ్‌లో పిల్లలు క్లాసు పీకి పందిరేస్తారనుకున్నా. ఒక్కడు కిమ్మంటే ఒట్టు."

"దిద్దిందెవరు సార్?"

"నేనడగలేదు. టేబుల్ మీద ఎర్ర పెన్ను అయిపోతే కొత్తది పెట్టిస్తున్నా, అంతే. అందరూ పాసయ్యారు కూడా."

"మీకు భయం వెయ్యలేదా?"

"వేసింది. అందుకే టీచరు కావాలని అర్జీలు పెట్టడం మానేశా. నిన్ను పై ఆఫీసువాళ్లు వాళ్లంతట వాళ్లే పంపారు."

"అయితే ఇది చూడండి. పొద్దున ఐదు లెక్కలిచ్చాను. పిల్లలు చెయ్యగానే పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. ఇప్పుడు తీస్తే అన్నీ దిద్దేసున్నాయి."

హెడ్మాస్టరు పై పుస్తకం తెరిచాడు. ఎర్ర సిరా వేలికి అంటుకుంది.

"చివర ఏదో రాసుందమ్మా."

"పైకి చదవండి సార్."

"'కొత్త టీచరుకు: మూడో లెక్క మీరే తప్పిచ్చారు. సాయంత్రం పిల్లలు వెళ్లాక ఉండండి, నేర్పుతాను.'"