మామయ్య నెట్టిన సముద్రం

సముద్రపు ఒడ్డున టీకొట్టు నడిపే ఆవిడకు ఆ సాయంత్రం ఒకే ఒక్క సంగతి తెలియాలి. రేకులు తుప్పు పట్టి, కొట్టు ఇవాళో రేపో కూలేలా ఉంది. పక్కా కొట్టు కట్టుకోమని పంచాయతీ ఆఫీసువాళ్ళు రెండు స్థలాలు చూపించారు. ఒకటి ముందు, అలలకు ఎదురుగా ఇసుకను ఆనుకుని ఉంది. రెండోది వెనకాల, తపాలా ఆఫీసు కూడా దాటాక మెరక మీద ఉంది. ఏది కావాలో అడగడానికి చీకటి పడేలోగా ఆఫీసు మనిషి వస్తాడు. ఒకసారి చెప్పాక మార్చడం కుదరదు.

"ముందుదే తీసుకుందాం వదినా," అన్నాడు ఆమెతో కలిసి కొట్టు నడిపే మరిది. "జనం సముద్రం చూడటానికొస్తారు గానీ తపాలా ఆఫీసు గోడ చూడటానికి రారు."

మాట సబబుగానే ఉంది. కానీ వెనకటికి సముద్రం చాలా లోపలిదాకా ఉండేదని ముసలివాళ్ళు అంటారు. ఎంత లోపలికి అని అడిగితే ఎవరి చెయ్యి వాళ్ళకు తోచినవైపు చూపిస్తుంది. నిజం తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, మ్యాపు మామయ్య. మ్యాపుల ఆఫీసులో జీవితమంతా పాత ఫొటోలు చూసి, ఒకప్పుడు ఒడ్డు ఎక్కడుండేదో గీతలు గీసి రిటైరైన మనిషి. చిక్కల్లా ఆయన్ని అడగడంలోనే ఉంది. నూతిలో చేద వేస్తే నీళ్ళు రావాలి గానీ నుయ్యే పైకి వస్తే ఏం చేస్తాం? ఆయన్ని అబద్ధాలకోరు అనడానికి నాకు మనసొప్పదు. అబద్ధాలకోరుకు దాచుకునేది ఏదో ఉంటుంది. ఈయన దగ్గర పంచిపెట్టేదే తప్ప దాచుకునేది లేదు.

"మామయ్యా, ఆ ముందు స్థలం మీద ఎప్పుడైనా సముద్రం ఉండేదా?" అందావిడ, రోజూలాగే టీకి వచ్చిన ఆయన చేతికి గ్లాసు ఇస్తూ.

"సముద్రం మాట తర్వాత. అసలు ఫొటో అంటే ఏమిటో తెలియాలి నీకు," అంటూ ఆయన బల్ల మీద సర్దుకుని కూర్చున్నాడు. పక్కన పడవల వడ్రంగి తన టీ గబగబా తాగేశాడు. కథ మొదలైతే టీ చల్లారిపోతుందని అతనికి తెలుసు.

"విమానంలోంచి తీసిన పాత ఫొటో అమ్మాయ్. దాని మీద ఊరి పేరుండదు, ఉత్తరం ఎటో ఉండదు. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాడనుకో. వాణ్ణి ఇవాళ్టి మ్యాపు మీద సరిగ్గా వాడి చోట కూర్చోబెట్టాలి. అందుకు అప్పుడూ ఇప్పుడూ కదలకుండా ఉన్నవి వెతకాలి. బడి మూల, బావి గట్టు, రెండు దారులు కలిసే చోటు, అలాంటివి. ఫొటోలో ఆ మూల మీదో గుర్తు, మ్యాపులో అదే మూల మీదో గుర్తు. అలా నాలుగు వైపులా మేకులు బిగించినట్టు బిగిస్తే ఫొటో కాస్త సాగి, కాస్త ముడుచుకుని తన చోట తాను కూర్చుంటుంది. అప్పుడు అందులో నీళ్ళ అంచు వెంట గీత గీస్తే అదే పాత ఒడ్డు. మా ఆఫీసులో ఒక మహానుభావుడు గడ్డివాము మీద గుర్తు పెట్టాడు. గడ్డివామును ఆవులు తినేసి ఎన్నేళ్ళో అయింది. వేరే వాము చూసుకుని అదే ఇదనుకున్నాడు. దాంతో ఊరు ఊరంతా పక్క ఊరి చెరువులో పడింది."

"మరి నువ్వో బావా?" అన్నాడు వడ్రంగి.

"నేనా? ఒకళ్ళు వారంపాటు కుస్తీ పట్టే ఫొటోను పూటలో కూర్చోబెట్టేవాణ్ణి."

"ఇంతవరకూ నమ్ముతాం. కానియ్."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ ఒడ్డు ఫొటోయే నా బల్ల మీదికొచ్చింది. నేలవైపు కావలసినన్ని గుర్తులున్నాయి. సముద్రం వైపో? నీళ్ళలో బడి ఉందా, బావి ఉందా, మేకు దేనికి కొడతావ్? ఒక కొసన బిగించి రెండో కొస వదిలేసిన తువ్వాలులా ఒడ్డు గీత ఊగిపోతోంది. ఆఫీసరు తల పట్టుకున్నాడు. నేను భూతద్దం తీశాను. నీళ్ళలో ఒక పడవ. పడవలో ఒక మనిషి. ఆ మనిషి చొక్కాకు బొత్తాలు."

"ఆకాశంలోంచి తీసిన ఫొటోలో బొత్తాలా?" అన్నాడు మరిది.

"పై బొత్తం ఊడిపోయింది కూడా. కానీ పడవను నమ్మకూడదు, కదులుతుంది. దాని పక్కనే ఒక అల లేచి, విరగబోతూ ఉంది. ఇదే సమయమని ఆ అల మీద కొట్టాను మేకు."

"అల మీదా!"

"కొట్టే చెయ్యి కొడితే దిగుతుంది. మర్నాడు పడవలవాళ్ళు ఆఫీసుకు పరుగెత్తుకొచ్చారు. అయ్యా, ఒక అల లేచింది లేచినట్టే నిలబడిపోయింది, విరగదు, పోదు, దాని చుట్టూ తిరిగి వెళ్ళాల్సొస్తోంది అని మొత్తుకున్నారు. జాలేసి మేకు సడలించాను."

వడ్రంగి తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. నవ్వు కూడా అందులోనే తుడిచేశాడు.

టీకొట్టు ఆవిడ రోడ్డు వైపు చూసింది. ఆఫీసు మనిషి మోటారుసైకిలు మలుపు తిరుగుతోంది. "మామయ్యా, నేనడిగింది..."

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఫొటో ఇంకా కాస్త సర్దాలని ఓ మూల చేత్తో నెట్టాను. నేలవైపు మేకులు గట్టివి, కదలవు. మరి కదలాల్సింది ఏది? సముద్రమే! నేను ఇక్కడ నెడుతుంటే అక్కడ నీళ్ళు వెనక్కి, వెనక్కి... పడవలన్నీ ఇసుకలో కూర్చున్నాయి."

"అప్పుడు నేనీ ఒడ్డునే ఉన్నాను బావా. ఏమీ కదల్లేదే!"

"నువ్వు పడవ నీడన గుర్రు పెడుతున్నావు, నీకేం తెలుస్తుంది? ఇంతలో ఆఫీసరు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. నాయనా, ఇక ఆపు, అవతలి ఒడ్డువాళ్ళు మునిగిపోతున్నారు, వాళ్ళూ పిల్లాజెల్లా గలవాళ్ళే అన్నాడు. సరే పొమ్మని వదిలేశాను. అప్పట్నుంచీ సముద్రం అక్కడే నిలబడి ఉంది. గీత దాటితే ఒట్టు."

"విన్నావా వదినా! ముందు స్థలానికి మామయ్యే పూచీ," అన్నాడు మరిది, సగం వేళాకోళంగా, సగం ఆశగా.

ఆఫీసు మనిషి బండి ఆపి, కలం తీస్తూ వచ్చి నిలబడ్డాడు. ఆవిడ పాలగిన్నె కింద మంట తగ్గించింది. పొంగుతున్న పాలను కలపకూడదని, కాస్త మంట తగ్గిస్తే వాటంతటవే దిగుతాయని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నిజంగా అంత నెట్టారా మామయ్యా? నాకెందుకో కొంచెమే నెట్టుంటారనిపిస్తోంది," అంది నెమ్మదిగా.

"మూరెడు నెట్టుంటాడు," అన్నాడు వడ్రంగి అందుకుని.

"మూరెడా!" మామయ్య చేతికర్ర తీసుకుని దిగ్గున లేచాడు. సముద్రానికి వీపు పెట్టి నడిచాడు. బల్లలు దాటాడు, కొట్టు దాటాడు, రోడ్డు దాటాడు, తపాలా ఆఫీసు మెట్ల దగ్గర ఆగి కర్రతో కింది మెట్టును టకటకా కొట్టాడు. వెనకే అందరూ వెళ్ళారు, ఆఫీసు మనిషితో సహా.

"ఇదిగో! ఈ మెట్టు దాకా ఉండేది నీళ్ళ అంచు. నా మొదటి గుర్తు ఈ గోడ మూల మీదే పెట్టాను. ఫొటోలో ఈ గోడ కిందే పడవ కట్టేసి ఉంది. ఇందులో కోతలు లేవు, ఈ కళ్ళతో చూసింది. ఇక్కణ్ణుంచి నెట్టుకుంటూ అక్కడిదాకా పోయాను! మూరెడట!"

మెట్టు మీదినుంచి అందరూ ఒకేసారి సముద్రం వైపు తిరిగారు. మధ్యలో టీకొట్టు ఉంది. పొగ కక్కుతున్న పొయ్యి ఉంది. ఇంతసేపూ వాళ్ళు కూర్చున్న బల్లలున్నాయి. వాటికి అవతల, ఇంకా కిందుగా, ముందు స్థలం ఉంది. మరిది దాని వైపు చూసి, వదిన వైపు చూసి, తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"వెనక స్థలం రాసుకోండి బాబూ," అంది ఆవిడ ఆఫీసు మనిషితో.

మామయ్య మనసు చివుక్కుమంది. "అదేంటమ్మాయ్! నేను నెట్టేశానంటుంటే!"

"నెట్టారు మామయ్యా, నేను కాదనను. కానీ మీరు రిటైరయ్యారు కదా! రేపది మళ్ళీ వస్తే మీ ఆఫీసులో నెట్టడానికి ఎవరున్నారు?"

మామయ్య కర్ర మీద రెండు చేతులూ ఆనించి, తన తర్వాత ఆ కుర్చీల్లోకి వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకున్నాడు.

"అదీ నిజమేలే," అన్నాడు చివరికి. "ఇప్పుడున్నవాళ్ళకు అంత చెయ్యి లేదు."