పది గంటలకు సత్యవ్వ గారి హాజరు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ సోమవారం ఉదయం, మన గోదావరి తీర రైతు సహకార సమాఖ్య సిరిసిల్ల శాఖలో టెలిఫోన్ ఆపరేటరుగా శ్రీమతి మ్యాకల సత్యవ్వ గారు విధులలో చేరారు. ఆనాడు వారి వెంట వచ్చిన మాతృమూర్తి ఎల్లవ్వ గారు పెగడపల్లిలో కూలి పని చేసి బిడ్డను పెంచిన మనిషి. కార్యాలయం గడప దగ్గరే నిలబడి ఆమె లోపలి వారిని కోరింది ఒక్కటే: "మా బిడ్డకు కండ్లు లెవ్వు గని చెవులు మస్తుగున్నయ్ సారూ. పనిల తప్పు జేస్తె చెప్పుండ్రి, ఊకనే ఎళ్లగొట్టకుండ్రి." ముప్పై ఆరు సంవత్సరాల తొమ్మిది నెలల సేవానంతరం, ఈ మార్చి ముప్పై ఒకటవ తేదీన సత్యవ్వ గారు పదవీ విరమణ పొందుతున్న సందర్భంలో, వారితో పదిహేనేళ్లు కోరుట్ల శాఖలో ఒకే హాలులో కూర్చున్న పర్యవేక్షకుడిగా కరుణాకర్ రావు అనే నేను ఈ వ్యాసం రాస్తున్నాను. రాసే అర్హత నాకుందో లేదో, చివరిదాకా చదివి మీరే తేల్చండి.

మూడవ ఏట వచ్చిన తట్టు సత్యవ్వ గారి చూపును పూర్తిగా తీసుకుపోయింది. కరీంనగర్‌లో వసతి గృహంలో ఉండి బ్రెయిలీలో పదవ తరగతి, హైదరాబాదులో టెలిఫోన్ ఆపరేటరు శిక్షణ పూర్తి చేసి, పరీక్ష రాసి, ఎవరి సిఫారసూ లేకుండా ఉద్యోగం సంపాదించారు. సిరిసిల్లలో తొమ్మిదేళ్లు, అనంతరం జగిత్యాల ప్రధాన కార్యాలయంలో పదమూడేళ్లు టెలిఫోన్ బోర్డు ముందు కూర్చున్న కాలంలో, నాలుగు వందలకు పైగా నంబర్లు వారికి కంఠతా వచ్చేవి. హలో అనేలోపే అవతలి వారెవరో, ఏ ఊరివారో, కోపంగా ఉన్నారో ఆపదలో ఉన్నారో గ్రహించేవారు. ఒక్క పని మాత్రం వారికి ఎన్నడూ చేతకాలేదు. నేను జగిత్యాలలో కొన్నాళ్లు పనిచేసినప్పుడు, ఫోన్ వస్తే లేనని చెప్పమని ఒకసారి వారిని కోరాను. "సార్ లేరట, సారే చెప్పుమన్నరు" అని ఎంతో వినయంగా చెప్పి పెట్టేశారు. నాకు ఒళ్లు మండింది. హాలంతా నవ్వింది.

రెండు వేల పదకొండులో వారు కోరుట్ల శాఖకు బదిలీ అయ్యారు. ఆరేళ్ల తర్వాత, ప్రతి ఒక్కరి జేబులోనూ సెల్‌ఫోన్ ఉండగా బోర్డు ఎందుకని పైవారు భావించిన ఫలితంగా, ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు వచ్చి అరగంటలో తీగలన్నీ పీకేసి బోర్డును ఆటోలో వేసుకుపోయారు. కుర్చీ మిగిలింది, పని మిగలలేదు. నెలల తరబడి సత్యవ్వ గారు సరిగ్గా పది గంటలకు వచ్చి, ఖాళీ బల్ల ముందు కూర్చుని, ఐదు గంటలకు ఇంటికి వెళ్లేవారు. ఆ రోజులలో వారిని పలకరించడానికి కూడా మాకు మొహం చెల్లేది కాదు.

ఆ స్థితిని మార్చినవారు వారే. ఎరువుల నిల్వల వివరాలు సెల్‌ఫోన్‌కే వస్తున్నందున, రైతులు అడిగితే చెప్పే బాధ్యత తనకు అప్పగించమని దరఖాస్తు చేసుకున్నారు. మేడిపల్లిలో ఉపాధ్యాయురాలైన కుమార్తె శ్రీలత ఒక టచ్ ఫోన్ కొనిచ్చారు. తొలినాళ్లలో సత్యవ్వ గారు దానితో పడిన పాట్లకు నేనే సాక్షిని. "బటన్ల ఫోన్ల ఐదో నంబరు మీద చిన్న బుడిపె ఉండె, చేతికి దొరికేది. గీ అద్దం మీద ఏమున్నది సార్, ఏలు వెడితె జారిపోతాంది" అని విసుక్కునేవారు. ఒకే రోజు పొరపాటున నాకు పదకొండు సార్లు ఫోన్ చేశారు. అయినా వదలలేదు. ఆ ఫోన్‌లోనే తెరను చదివి వినిపించే సదుపాయం ఒకటి ఉంది. వేలు అద్దం మీద మెల్లగా జరుపుతూ పోతే కింద ఏమున్నదో అది పైకి పలుకుతుంది, కావలసింది వినబడగానే రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. మూడు వారాలు గడిచేసరికి ఆ గొంతు వేగాన్ని ఎంతకు పెంచారంటే, వారికి తప్ప మాలో ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తనకు అక్కర లేని వెలుగుకు చార్జింగు దండుగ అని తెరను ఎప్పుడూ చీకటిగానే ఉంచేవారు. అటెండరు వెంకటి అది చచ్చిపోయిందనుకుని మూడుసార్లు చార్జింగుకు పెట్టి, మూడుసార్లూ తిట్లు తిన్నాడు. ఎక్కడో సిరిసిల్ల వైపు ఉన్న గంభీరావుపేట రైతు సైతం యూరియా వచ్చిందా అని కోరుట్లకు ఫోన్ చేసి సత్యవ్వ గారినే అడిగే రోజు వచ్చింది.

ఇక రాయక తప్పని సంగతికి వస్తున్నాను. రెండు వేల ఇరవై మూడు జులైలో మన సమాఖ్య హాజరు పుస్తకాన్ని తీసివేసి, ఫోన్ యాప్‌లో ముఖం చూపి హాజరు వేయాలనే విధానం తెచ్చింది. యాప్ ముఖాన్ని చూస్తుంది, చూసి కన్ను ఆర్పమంటుంది. మనిషి ఎదురుగా ఉన్నాడని దానికి అదే రుజువు. సత్యవ్వ గారి కనురెప్పలు చిన్ననాటి నుంచీ సగం మూసుకునే ఉంటాయి. యాప్ వారిని మనిషిగా ఒప్పుకోలేదు. ముప్పై రోజులు హాజరు పడకపోతే గైర్హాజరుగా భావించి చర్య తీసుకుంటామని మెమో వచ్చింది. అప్పటికే పంతొమ్మిది రోజులు గడిచాయి. పదవీ విరమణకు ఇంకా రెండున్నరేళ్లకు పైగా ఉండగా, ఏ తప్పూ చేయని మనిషి ఉద్యోగం పదకొండు రోజులలో పోయేలా ఉంది.

నేను ఆలోచించాను. నా ఆలోచన మంచిదేననుకున్నాను, ఫైలు కూడా సులువుగా కదులుతుందనుకున్నాను. తొలగింపు అవమానం కంటే గౌరవంగా ఇంటికి పోవడం మేలని నిశ్చయించి, వారి పేరిట ఒక అర్జీ టైపు చేయించాను. బల్ల దగ్గరకు పోయి, "హాజరు సంగతి నేను జూసుకుంట సత్యమ్మా, గీడ ఒక్క సంతకం వెట్టుండ్రి, అయిపాయె" అన్నాను. చూపు లేనివారికి కాగితం చదివి వినిపించి సంతకం తీసుకోవాలన్న నియమం నాకు తెలుసు. తెలిసీ చదవలేదు. మన దగ్గర ఇన్నేళ్లుగా సాగుతున్న పద్ధతి అదే, వారి మేలు మనకే తెలుసన్నట్టు.

సత్యవ్వ గారు కలం అందుకోలేదు. "ఏందో ఓసారి ఇనుకుంట సార్" అని, ఫోన్‌ను జానెడు ఎత్తున కాగితం మీద పట్టుకున్నారు. అది ఫొటో తీసి, వారికి మాత్రమే తెలిసే ఆ వేగంతో చదివేసింది. హాలులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వారు వేలితో గొంతు వేగం తగ్గించి, శబ్దం పెంచి, మళ్లీ మొదటి నుంచి పెట్టారు. అక్కడక్కడ ఒత్తులు తప్పు పలుకుతూ, ఫోన్ హాలందరికీ తీరిగ్గా వినిపించింది: "దృష్టి లోపం కారణముగా విధులు నిర్వర్తించుటకు అశక్తురాలనైనందున, నా ఇష్టపూర్వకముగా ముందస్తు పదవీ విరమణ కోరుచున్నాను."

"నాకు ఇనవడ్డది గని మీకు గుడ ఇనవడాలె గద" అన్నారు వారు. గొంతు పెంచలేదు. "నాకు చాతనైతలేదని నన్ను ఒక్క మాటన్న అడిగిండ్రా సార్?"

"అడగలే" అన్నాను.

"చాతగానిది నాకా, గా యాప్‌కా? నా ముఖం గుర్తువట్టది. బటన్ మీద ఏలు వెడితె పేరు చెప్పది, ఊకె బటన్ బటన్ అంటది. రాజీనామా రాసుడైతె దానికి రాయుండ్రి."

వెంకటి నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది. ఆ కాగితాన్ని నేనే చింపాను.

ఆ మధ్యాహ్నమే సత్యవ్వ గారు ఫోన్‌కు నోటితో చెప్పి, యాప్‌లోని ఆరు లోపాలను వరుసగా రాయించి, దానిని తయారుచేసిన వారికీ, ప్రధాన కార్యాలయానికీ పంపారు. నేను చేసిన సాయం, ఏ చిరునామాకు పంపాలో చెప్పడం మాత్రమే. మరునాటి నుంచి సరిగ్గా ఉదయం పది గంటలకు జగిత్యాల ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. "సత్యవ్వను, కోరుట్ల శాఖ, హాజరు. రాస్కో తమ్మీ." అక్కడ ఫోన్ ఎత్తే శ్రీధర్ మొదటి రోజు, "అమ్మా, గిది హాజరు నంబరు గాదు" అన్నారట. "నేను ముప్పై ఏండ్లు ఫోన్‌లనే పని జేసిన. నా హాజరు ఫోన్‌లనే ఇస్త" అన్నది జవాబు. వారం తిరిగేసరికి శ్రీధర్ ఒక పుస్తకమే పెట్టారు. అట్లా నలభై నాలుగు పనిదినాలు, ఒక్క రోజు తప్పలేదు, ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. ముప్పయ్యవ రోజు దాటినా చర్య తీసుకునే ధైర్యం ఎవరికీ రాలేదు. రోజూ పది గంటలకు పలికే మనిషిని గైర్హాజరని ఏ ముఖం పెట్టుకుని రాస్తారు?

అక్టోబరులో యాప్ మారి వచ్చింది. ముఖం వద్దనుకునేవారు ఫోన్ మీద వేలిముద్రతో హాజరు వేయవచ్చు, ప్రతి బటన్ తన పేరు తాను చెబుతుంది. ఆ నలభై నాలుగు రోజులనూ శ్రీధర్ పుస్తకం ఆధారంగా హాజరుగా గుర్తించారు. మెమోతో పాటు అంతకు ముందరి గైర్హాజరూ రద్దయింది. చూపు మందగించిన సిరిసిల్ల శాఖ గుమాస్తా ఆనంద్ గారు అప్పటిదాకా పక్క సీటువారిని బతిమాలి హాజరు వేయించుకునేవారన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. తన కష్టంతో పాటు ఆయన కష్టమూ తీర్చిన ఖ్యాతి సత్యవ్వ గారిది. ఆ తర్వాతి రెండున్నరేళ్లలో వారి విధి నిర్వహణపై ఒక్క ఫిర్యాదు లేదు. నాపై వారు చేసిన ఫిర్యాదు కూడా ఏదీ లేదు. వారు చేసి ఉంటే నా మనసుకు కొంత తేలికగా ఉండేది.

గత సోమవారం వారి పదవీ విరమణ ఉత్తర్వును నేనే తయారు చేశాను. "అరవై సంవత్సరముల వయసు నిండినందున" అన్న చోట, ఇన్నేళ్ల నా కొలువులో ఎన్నడూ లేనట్టు, నా చేయి కాస్త ఆగింది. ఆ ఒక్క కారణంతో, మరే కారణమూ లేకుండా, ఇంటికి పోవడానికే కదా ఈ మనిషి అంతగా నిలబడింది! నమూనాలో లేని వాక్యం ఒకటి చివర చేర్చాను: "సత్యవ్వ గారు సంపూర్ణ ఆరోగ్యముతో, కుమార్తె కుటుంబము నడుమ, నిండు నూరేళ్లు సుఖశాంతులతో వర్ధిల్లవలెనని ఈ కార్యాలయము మనసారా కోరుచున్నది."

ఉత్తర్వు అందినట్టు వారి సంతకం కావాలి. ఈసారి నేనే చదివి వినిపిస్తానన్నాను. "వద్దు సార్, ఇది సదువుతది" అని ఫోన్ పట్టారు. విన్నారు. రెండోసారి విన్నారు.

"ఆఖరి మాట ఫార్మాట్ల ఉండదు గద సార్?"

"లేదమ్మా. అది నాదే."

"మనసుల నుంచేనా?"

"మనసుల నుంచే."

"అయితె మీ సంతకం ముందుగాల వెట్టుండ్రి. తర్వాత నేను వెడత."

పెట్టాను. వారు నా సంతకం పక్కన వేలు ఆనించి, తమ పేరు పూర్తిగా రాశారు.