రాజమల్లయ్య వంట డాట్ కామ్

“మల్లన్నా, పొయ్యి అంటుకున్నదా లేదా” అని రోడ్డు ఆ కొసకెల్లి ఒర్లుతుండు చూడు, లక్ష్మీరాజం. మైకు అక్కర లేని గొంతు. జేఏసీల పెద్దమనిషి అయినప్పటి సంది చాయ తెమ్మన్నా నినాదం తీరుగనే చెప్తుండు.

ఎక్కడ అంటుకుంటది? కట్టెలన్ని పచ్చివి. నడిరోడ్డు మీద బండలు పెట్టి నాలుగు వందల మందికి వండాలెనంటే, వంటోనికి ఎండిన కట్టెలన్నా ఇయ్యాలె గద. ఏ పెండ్లిలనన్నా గిట్ల తెస్తే గరిటె పక్కకు పెట్టి పోతుంటి. ఉద్యమమని ఊకున్న.

నువ్వే చెప్పు జహీర్ భాయ్, గివి పొయ్యిల పెట్టే కట్టెలేనా?

చెప్పవు. సరే తియ్యి, ఉల్లిగడ్డ కొయ్యి.

నా కోసం రాలేదని నాకు తెలుసు. వంటా వార్పుకు వచ్చినవు. తెలంగాణ కోసం సమ్మె మొదలై నెల దాటింది, బస్సుల్లేవు, బడుల్లేవు. రోడ్డు మీదనే వండుకొని రోడ్డు మీదనే తిని సర్కారుకు చూపిద్దామన్నరు, బగారన్నం నీ చేతిదే కావాలన్నరు, వచ్చినవు. నా పక్క పొయ్యి నీకిచ్చింది లక్ష్మీరాజం, నేను గాదు. నేను ఆయనను అడగనన్నా అడుగలే. గంత ధైర్యం నాకెక్కడిది?

రెండు నెలలు దాటింది భాయ్ మనం మాట్లాడుకోక. ఇరవై ఆరేండ్లు ఒక్క పొయ్యి కాడ నిలవడ్డోళ్లం. మటను, బగార నీది. పప్పు, కూరగాయ, చారు నాది. పెద్ద పెద్ద వంట గంజులు కొన్నప్పుడు వాటి మీద ఇద్దరి పేర్లు కొట్టిచ్చినం. ఈ రంజాన్‌కు మీ ఇంటికెల్లి షీర్ ఖుర్మా గిన్నె రాలే. మా ఇంటిది కనకవ్వ రెండు మాట్ల తలుపు తీసి గల్లీల చూసింది. నన్నేమన్న అన్నదా? అనలే. చూసి లోపటికి పోయింది. అంటేనే బాగుండు.

నీకు బాధ కాలేదా మల్లన్నా అని అడుగుతవు కావచ్చు. ఏం చెప్పాలె. కోపం రాదు, ఏడుపు రాదు. పొద్దుగాల లేస్త, మొఖం కడుగుత, చాయ తాగుత, రాత్రి పండుకుంట. అరుగు మీద కూసొని మనుషులతోటి మస్తు ముచ్చట్లు చెప్త, నా నోరు నీకెరికే గద. నోరు నడుస్తనే ఉంటది, లోపట మాత్రం ఏం ఉండది. ఖాళీ గోదాం.

సరే, దాచుడెందుకు. నిన్న చంద్లాపూర్ నుంచి వచ్చిన్రు. కార్తీకంల బిడ్డ పెండ్లి. “జోడి వస్తేనే బయానా పైసలిస్తం, ఒక్కరైతే మాకొద్దు” అన్నరు. రేపు పొద్దుగాల వరకు మాట చెప్పాలె. నువ్వొస్తవా, ఎప్పటి లెక్క ఇద్దరం ఒక్క పొయ్యి కాడ నిలవడ్తమా, గది అడుగుదామని పొద్దటి సంది...

ఆగు ఆగు. లేవకు. కత్తి కింద పెట్టకు. అడుగుతలేను. ముందుగాల ఆ వెబ్‌సైటు ముచ్చట చెప్పనియ్యి. అందరి నోట విన్నవు, నా నోట వినలే.

ఆషాఢంల పెండ్లిళ్లు ఉండవు, మన అసుంటోళ్లు గోర్లు గిల్లుకుంట కూసుంటం. గప్పుడు చొచ్చింది ఈ పురుగు నా తలకాయల. పట్నంకెల్లి కేటరింగోడొకడు వచ్చి మన ఊర్లె గృహప్రవేశం భోజనాలు వండి పోయిండు. వాన్నెట్ల పట్టిన్రు అంటే నెట్‌ల చూసి పట్టిన్రట. మన గంజులకు ఏం తక్కువ?

వెబ్‌సైటు చేసి పెట్టేటోన్ని అడిగితే పదిహేను వేలన్నడు. పదిహేను వేలకు మూడు మేకలొస్తయి. రోజారాణి లేదా, పోస్టాఫీసు పక్కన నెట్ సెంటర్ నడిపే ఆమె, గామె చెప్పింది. “గంత పైసలెందుకు కాకా, నువ్వే కట్టుకోవచ్చు. డిజైన్లు ఉత్తగనే ఇస్తరు, రెడీమేడ్ అంగీల తీరుగ వేలాడదీసి ఉంటయి. నీకు పట్టేది తీసుకో, నీ పేరు, నీ ఫోటో పెట్టుకో. ఒక్క పేరుకే ఏడాదికింత కిరాయి కట్టాలె.” మన పేరుకు మనమే కిరాయి కట్టుడేందని నవ్విన. కట్టిన.

ఎనిమిదో తరగతి చదివిన మనిషిని భాయ్ నేను. ఒక్క వేలుతోటి కొట్టిన, పదకొండు రోజులు. పప్పుచారు అనే మాట ఇంగ్లీషుల కొట్టేటాళ్లకు పూట గడిచేది. సగం పని కాంగనే కరెంటు పోయేది, మల్ల మొదటికొచ్చేది. రోజారాణి ఒక మాటన్నది. “కాకా, వంట చేసేటప్పుడు నడుమ నడుమ రుచి చూస్తవా లేదా? గట్లనే రెండు లైన్లు కొట్టినప్పుడల్ల సేవ్ కొట్టాలె.” గది నా బుర్రకెక్కింది. ఇగ ఆగలే. పప్పు ఫోటో, వంకాయ కూర ఫోటో, ఫోన్ నంబరు, అన్ని నేనే పెట్టిన. ఆఖరు రోజు తెర మీద గది తెరుచుకుంటే నా పేరు ఇంత లావుగ కనవడ్డది. దుబాయిల ఉన్న మనోళ్లకు గూడ కనవడ్తదట. ఆ పూట నెట్ సెంటర్ల కూసున్న తొమ్మండుగురికి చాయ తాపిచ్చిన.

నవ్వొచ్చే ముచ్చట ఇంకొకటుంది. సమ్మె మొదలైనంక దుకాణాలన్ని బంద్ పెట్టిన్రు గద. నేను పోయి రోజారాణి ఇంటి తలుపు కొట్టిన. “బిడ్డా, నా వెబ్‌సైటుకు షట్టర్ గుంజాలె” అన్న. ఆమెకు ముందు సమజ్ కాలే. బంద్ అంటే బంద్. ఊరంత మూసుకుంటే నాదొక్కటి నెట్‌ల తెరిచి ఉంటే మర్యాదనా? రేపు ఎవడన్నా చూసి ద్రోహి అంటే ఏ మొఖం పెట్టుకొని తిరుగాలె? పాపం ఆమె కడుపు పట్టుకొని నవ్వి, సెంటర్ సగం షట్టర్ ఎత్తి, లోపటికి పోయి అన్ని తీసేసింది. “బంద్‌ల ఉన్నం, జై తెలంగాణ” అని ఒక్క లైన్ పెట్టినం. లక్ష్మీరాజం గా ముచ్చట మీటింగుల చెప్పి చప్పట్లు కొట్టిచ్చిండు.

నెల దాటింది మూసి. ఎందుకు మూసినవని ఒక్క ఫోన్ రాలే. తెరిచి ఉన్నప్పుడు మాత్రం ఏమొచ్చినయి? ఒక్కటొచ్చింది. గ్యాస్ పొయ్యి రిపేరు చేస్తరా అని.

నవ్వినవా భాయ్? లేదా. పొగ అడ్డమొచ్చింది, నవ్వినట్టు కనవడ్డది.

నీ ఎసరు మసులుతుంది, బియ్యం ఎయ్యి. నా పప్పు ఉడికింది, దించాలె. జర ఆ పక్క కడియం పట్టు. బట్ట ఏసుకొని పట్టు, కాలుతది. ఆ, లేపు. మెల్లగ. గీడ పెట్టు.

చూడు, ఒకటి రెండు అని లెక్క పెట్టలే, ఇద్దరం ఒక్కసారే లేపినం. మన చేతులకు మన కొట్లాట తెలువది.

మన ఫోటో గూడ గిట్ల ఎత్తేటప్పుడే తీసిన్రు. చింతమడకల పెండ్లి. నువ్వో పక్క, నేనో పక్క, నడుమ గంజు. గా ఫోటోనే వెబ్‌సైటు మీద పెట్టిన, నిన్ను కోసేసి. కోసినంక సరిగ చూసుకోలే. అవతలి కడియం మీద నీ నాలుగు వేళ్లు మిగిలినయి. నలభై కిలోల గంజును నేనొక్కన్నే ఎత్తుతున్న, అవతల ఎవనివో వేళ్లు. వంట తెలిసినోడు ఎవడు చూసినా నవ్వి పోతడు. నాకు కనవడలే. నేను నా మొఖమే చూసుకుంటున్న.

నీ బిడ్డకు కనవడ్డది. అర్షీన్‌కు అంతకు వారం ముందే చెప్పిన, తెరిచి చూడు బిడ్డా అని. అండ్ల ఏం పెట్టిన్నో, ఏం తీసిన్నో యాది లేనంత సంబురంల చెప్పిన. ఆ పొల్ల కాలేజీల దోస్తులందరిని కూసోవెట్టి, మా అబ్బా వంట వెబ్‌సైటు అని తెరిచిందట. పొద్దుమీకి నా వాకిట్ల వచ్చి నిలవడ్డది. “చాచా, పైన మీ పేరుంది. కింద చిన్నగ, డిజైను ఉత్తగ ఇచ్చిన కంపెనోళ్ల పేరుంది. మా అబ్బా ఎక్కడున్నడు?”

నేనేం చెప్పిన్నో నీకు చెప్పే ఉంటది. బోర్డులు రాసే సామ్యూల్ అక్షరానికింత తీసుకుంటడు గద బిడ్డా, నెట్‌ల గూడ గట్లనే, ఇద్దరి పేర్లు పెట్టే తాకత్ లేకపాయె అన్న. ఫోటోకిచ్చిన డబ్బ చిన్నది, ఇద్దరం పట్టలే అన్న. తలకాయ ఊపి పోయింది. అన్నం తిని పో అంటే ఆగలే. మరునాడు నువ్వొచ్చి సగం గంజులు ఆటోల ఏసుకొని పోయినవు. నీ తీరే అంత.

ఆ తర్వాత ఊర్లె ఇంకో మాట పుట్టింది. సాయబు పేరుంటే పూజ భోజనాల బేరాలు రావని మల్లయ్య తీసేసిండు అని. విన్న. కాదనలే, ఔననలే. ఊకున్న. గా మాట నాకు అలకగ ఉండె భాయ్, మోసెటందుకు బరువు లేదు. తప్పు లోకానిదైతది. నేను బేరం పోతదని బుగులు పడ్డ గరీబోన్ని అయిత. గరీబోన్ని ఎవరన్నా ఏమంటరు?

కట్టె జర ఎనుకకు గుంజు, నీ అన్నం అడుగంటుతది.

ఎవ్వరు అడుగలే భాయ్ నన్ను. ఇరవై ఆరేండ్లల్ల ఒక్క శేటు గూడ నీ పక్కన వండేదెవడని అడుగలే. నీ బగార తినెటందుకే వాళ్లు మనల పిలుస్తరు.

అక్షరానికింత అని నేను అనుకున్నది నిజమే, ఒక్క పూట. మొదటి రోజే రోజారాణి చెప్పింది. “నాలుగక్షరాలైనా నలభై అయినా కిరాయి ఒక్కటే కాకా” అని. ఫోటో డబ్బ గూడ చిన్నది గాదు. ఇద్దరం పట్టినం అండ్ల, గంజుతో సహా. గదొక్కటి ఆమెనే పెట్టి చూపిచ్చి, మంచిగుంది కాకా అన్నది. నేనే కొయ్యమన్న. ఆ పక్క కొయ్యి అన్న. “ఏ పక్క?” అన్నది. ఇనవడక అడుగలే ఆమె, ఇనవడే అడిగింది. రెండో మాటు గూడ చెప్పిన.

ఎందుకంటే, పెండ్లిల తిన్నోళ్లు చెయ్యి కడుక్కుంట ఏమంటరు? జహీర్ భాయ్ బగార అంటరు. జహీర్ భాయ్ మటను అంటరు. పప్పు బాగుందని ఒక్కడన్నా అన్నడా ఇన్నేండ్లల్ల? పప్పు ఎవనికి యాదుంటది? గా తెర మీద రెండు పేర్లు పక్కపక్కన పెట్టంగనే నాకు గూడ ముందు నీ పేరే కనవడ్డది. నేను కూసొని, నేను కొట్టి, నేను కట్టిన దాంట్ల గూడ నీ బగార పక్కన పప్పు లెక్కనే ఉన్న. ఒక్క జాగలనన్నా నేనొక్కన్నే ఉంటే ఎట్లుంటదో చూద్దామనుకున్న.

చూసిన. ఓ వారం మంచిగనే అనిపిచ్చింది. తర్వాత ఏమనిపిస్తలేదు.

గిదే ముచ్చట. బేరం లేదు, బుగులు లేదు, పైసలు తక్కువ పడుడు లేదు. నీ మీద కుళ్లు, అంతే.

చూడకు గట్ల. చూస్తే చూడు.

అగో, లక్ష్మీరాజం మల్ల ఒర్లుతుండు. బంతి కూసోమంటుండు. వంటోళ్లు గూడ కూసోవాలట ఇయాల, వడ్డిచ్చేటోళ్లు వేరే ఉన్నరట. మొదటి బంతిల మనమెన్నడన్నా కూసున్నమా భాయ్? అందరు లేసినంక గంజుల అడుగున మిగిలింది తినుడే గద మన పని. ఏందో కొత్తగుంది.

కనకవ్వ వచ్చింది. మీ ఇంటికెల్లి మెహరాజ్ భాభీ వచ్చింది. ఇద్దరు పక్కపక్కనే కూసున్నరు, ఏందో చెప్పుకుంటున్నరు. అర్షీన్ అవతలి కొసకుంది, నా దిక్కు చూస్తలేదు. కరీంనగర్ రోడ్డు పొడుగూత ఇస్తార్లు ఏసిన్రు. ఆగిపోయిన లారీల డ్రైవర్లను గూడ దించి కూసోవెడుతున్నరు. లక్ష్మీరాజం గొంతు పోయింది, చేతులతోటి చెప్తుండు పాపం.

నడువు. ఎక్కడన్నా కూసో, నేను చూడ. గీడనే కూసుంటవా? నా పక్కకేనా? జాగ లేక కూసున్నవేమో. నీ ఇష్టం. చంద్లాపూరోళ్ల ముచ్చట ఇయాల అడుగ. రేపు వాళ్లకు ఏదో ఒకటి చెప్త.

నీ బగారల నా పప్పు కలుపుకున్న. ఓ బుక్క పెట్టుకున్న. నాలిక మీద ఏం తెలుస్తలేదు భాయ్. ఉప్పుందో పులుపుందో. ఇంత మంది తింటున్నరు, బాగుందో లేదో వండినోన్ని నాకే తెలుస్తలేదు. నువ్వన్నా చెప్పు.

చెప్పకున్నా సరే. తిను, చల్లారుతది.