తోమిన గిన్నెలు

ఆరాధన ముగిసింది. సండే స్కూల్ చెప్పే అక్క ప్లాస్టిక్ కుర్చీలు టపటపా ఒకదానిలో ఒకటి పడేస్తోంది. టీవీకి నవ్వుల సీరియల్ రాసే చెల్లెలు సాయానికొచ్చింది.

"ఇరవై ఏళ్లుగా పిల్లలకి తప్పిపోయిన కొడుకు కథ చెబుతున్నాను. పాస్టరుగారు ఒక్కనాడైనా నా పేరెత్తారా? నీ సీరియల్లో ఆ కథే ఉందని ఇవాళ గంటసేపు ప్రసంగం!"

"నేను బైబిల్ చూసి రాయలేదక్కా."

"అవునులే, నీకన్నీ చూడకుండానే వచ్చేస్తాయి."

"నా సీరియల్లో, ఇల్లొదిలిపోయిన తమ్ముడు తిరిగొచ్చాడని ఇంట్లో విందు జరుగుతుంటే, గుమ్మం బయట రుసరుసలాడే అన్నయ్య ఉన్నాడే, జనం పడీపడీ నవ్వేది వాణ్ణి చూసే. వాణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చానో తెలుసా?"

"బైబిల్లోంచే, లూకా పదిహేనో అధ్యాయం."

"మనింట్లోంచి. నేను ఇల్లొదిలిపోయి తిరిగొచ్చిన రోజు అందరూ నన్ను చుట్టుకుంటే, నువ్వు పెరట్లో తోమిన గిన్నెలే మళ్లీ తోమావు."

"అయితే ఊరంతా నవ్వింది నన్ను చూసన్నమాట."

"వచ్చేవారం వాణ్ణి లోపలికి రప్పించాలక్కా. ఏమని పిలిస్తే వస్తాడో తోచడం లేదు. వాడు లోపలికొచ్చాడో లేదో బైబిల్లోనూ లేదటగా?"

అక్క పేర్చిన కుర్చీల్లోంచి ఒకటి లాక్కుని కూలబడింది.

"పిలవడానికేముందే? ఆ రోజు నువ్వొక్కసారి పెరట్లోకి వచ్చుంటే సరిపోయేది."