చొక్కాతో కలిపి కుట్టిన బొంత

అది అలంకారం కాదమ్మాయ్. అట్ట మీద ఏం రాశావు, "అలంకారపు జేబు" అనా? కొట్టెయ్. అది మా ఆయన చొక్కా జేబు. పక్కన వేలాడేది చొక్కా చెయ్యి. గుండీ కూడా ఉంది, చూడు. ప్రదర్శనలో పెడతామని బొంత పట్టుకెళ్ళేవాళ్ళు, అసలిది ఎలా పుట్టిందో ముందు అడగొద్దూ?

కూర్చో, చెబుతా. నేను కుట్టిన మొదటి బొంత ఇదే. అప్పటికి పెళ్ళయి ఐదు నెలలు. మా ఆయనకి ఓడలో ఉద్యోగం వచ్చింది, గడియారాలూ మీటర్లూ బాగుచేసే పని. ఎక్కితే రెండేళ్ళదాకా రావడానికి లేదు. "సముద్రం మీద చలి, వాడికో బొంత కుట్టివ్వు" అంది అత్తగారు. ఓడ సాయంత్రం నాలుగున్నరకి. ఆ మధ్యాహ్నానికి ఇంకా సగం కుట్టు మిగిలే ఉంది.

మాకున్నది ఒకే గది, ఒకే మంచం. ఆయన ప్రయాణం చొక్కా వేసుకుని, ఉద్యోగం కాగితం జేబులో పెట్టుకుని, "మూడింటికి లేపు" అని నడుం వాల్చాడు. ఆయన నిద్ర సంగతి నీకేం తెలుసు? ఇల్లు కూలినా ఇంకో పక్కకి తిరుగుతాడంతే. మరి బొంత ఎక్కడ పరుచుకోను? ఆయన మీదే పరిచి కుట్టాను.

మూడింటికి లేచాడు. ఆయనతో పాటు బొంతా లేచింది.

నవ్వుతున్నావు. నవ్వు, ఫరవాలేదు. చొక్కా విప్పేస్తే పోయేదిగా అంటావా? కాగితం జేబులో ఉంది కదా తల్లీ. దారం కాగితంలోంచే వెళ్ళింది. కత్తెర తెమ్మన్నాడు. అత్తగారు అడ్డం పడింది. "కొత్త బొంతకి కత్తెర పెడతావట్రా? ఒక్కో కుట్టూ విప్పు" అంది. విప్పుతూ కూర్చుంటే మూడున్నర. ఇక లాభం లేదని బొంత భుజాన వేసుకుని అలాగే బయల్దేరాడు. అంచు నేలకి తగలకుండా పట్టుకుని నేను, నా వెనక "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ అత్తగారు.

రేవులో అధికారి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "పక్కబట్టలు మేమే ఇస్తాం. ఇది లోపలికి తేకూడదు."

"పక్కబట్ట కాదు సార్, నా చొక్కా."

"సరే, కాగితం చూపించు."

"ఇందులోనే ఉంది సార్."

ఆ పెద్దమనిషి జేబు నొక్కి చెవి పెట్టి విన్నాడు. "ఉన్నట్టే ఉంది. కానీ నేను చదవాలి కదా" అన్నాడు. నలుగురం నేల మీద చతికిలబడి విప్పాం. కాగితంలో ఆయన పేరు కనబడేసరికి ఓడ మెట్లు లాగేశారు.

ఆయన చొక్కా విప్పి, బొంతతో సహా నా చేతిలో పెట్టాడు. ఇంటికెళ్ళాక అత్తగారు చొక్కాకి మాత్రం కత్తెర వేసింది. కుట్లలో చిక్కిన ముక్కలు ఉండిపోయాయి.

తర్వాత మేమున్న ఇంటి మెట్ల కింద గడియారాల కొట్టు పెట్టాడు. పోయేదాకా, ముప్ఫైనాలుగేళ్ళు. రిపేరుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు, "మా ఆవిడకి సూది పట్టడం రాదు, లేకపోతే ఈపాటికి ప్రపంచం చుట్టేసేవాణ్ణి" అని. నేను టీ గ్లాసు అక్కడ పెట్టి తల ఊపేదాన్ని.

ఇది రాసుకోకు. మా నాన్న దర్జీ. ఎనిమిదో ఏటి నుంచీ కాజాలు కుట్టిన చెయ్యి నాది. మొదటి కుట్టు పొరపాటే, ఒట్టు. రెండోదానికి సూది బరువెక్కింది, ఎందులోంచి వెళ్తోందో తెలిసిపోయింది. ఆగాను. ఆయన మొహం చూశాను. చూసి, దారం రెండు పేటలు చేసి జేబు కుట్టాను.

ఆ ఓడ మునిగిందా అంటావా? లేదు. రెండేళ్ళకి అందరూ నిక్షేపంగా తిరిగొచ్చారు, మేడలు కట్టుకున్నారు. మునిగుంటే నా మనసు కాస్త కుదుటపడేదేమో. అలా అనుకోవడం పాపమే. ఏం చెయ్యను, ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను.