బొట్టు పెట్టని కార్డు

ధర్మపురిలో మధ్యాహ్నం పన్నెండు దాటింది. లోపల పడుకున్న తండ్రికి వినపడకూడదని వందన పెరట్లోకి వచ్చి, ఇచ్చోడలో ఉండే మేనత్త పోశవ్వకు ఫోన్ చేసింది. మేనత్త ఎత్తనైతే ఎత్తింది గానీ, కోడలిపిల్లను మాట్లాడనిస్తే కదా!

"కట్ జెయ్యకు అత్తమ్మా! ఇప్పటికే రెండుసార్లు కట్ జేసినవ్."

"నేనెక్కడ జేసిన? సిగ్నల్ పోయింది."

"మీ ఇంట్ల సిగ్నల్ ఎందుకు పోతది? సరే తియ్యి. ఒక్కటే మాట అడుగుత, జర సక్కగ చెప్పు. నిన్న పొద్దూకి బాపు నంబరు నుంచి నీకొక పెండ్లి కార్డు వచ్చింది గద..."

"వచ్చింది. వస్తే?"

"దాన్ని నొక్కినవా?"

"నేనెందుకు నొక్కుత?"

"నొక్కలేదు గద? నిజంగ నొక్కలే?"

"నా నొసటికి బొట్టు పెట్టిండ్రా ఎవలన్న? నన్ను నడింట్ల కూసోబెట్టి, 'అక్కా, బిడ్డ పెండ్లి, నువ్వే ముందుండి చెయ్యాలె' అన్నడా మీ బాపు? పేపరాయన వాకిట్ల పేపర్ ఇసిరేసి పోయినట్టు ఫోన్ల కార్డు ఇసిరేసి, నొక్కు అంటే నొక్కుతరా?"

"అమ్మయ్య! నొక్కలే. నీ కడుపు సల్లగుండ అత్తమ్మా!"

"ఏం సల్లగుంటది? కడుపు మండిపోతుంటే."

"విను అత్తమ్మా. అది కార్డు గా..."

"నువ్వే విను. ఆడిబిడ్డను పిలిచే తీరు గిదేనా? నాలుగేండ్ల కింద గూడ గిదే లొల్లి. మీ అన్న రంజిత్ లగ్గానికి నన్ను ఫోన్ల పిలిచిండు. 'ఎల్లుండి లగ్గం, రా అక్కా' అన్నడు, గంతే. బ్యాండోళ్లను పిలిచినట్టు. నేను రాలే. రాలేదని ఆయనకు కోపం, బొట్టు పెట్టలేదని నాకు కోపం. నాలుగేండ్లాయె మాటా ముచ్చటా లేక. ఇన్నేండ్లకన్న బుద్ధొచ్చిందేమో అనుకుంటే, ఇప్పుడు నోటిమాట గూడ లేదు, ఉత్త కార్డు!"

"గా పంచాయితీ అటెన్క మాట్లాడుదాం. ముందుగాల..."

"మీ బాపు పక్కకున్నడా?"

"లేడు. లోపట పండుకున్నడు."

"పన్నెండు గంటలకు పండుకునుడేంది? జరమొచ్చిందా?"

"జరం గాదు, పరేషాన్. అత్తమ్మా, పెండ్లి లేదు!"

"ఏంది?"

"పెండ్లి లేదంటున్న. పిలగాడు లేడు, పందిరి లేదు, బ్యాండు లేదు. గా కార్డు బాపు పంపలే. దొంగలు పంపిండ్రు."

"దొంగలు కన్నం ఏస్తరు గని, పెండ్లి కార్డులు పంచుతరా పిల్లా?"

"ఇప్పటి దొంగలు పంచుతుండ్రు. నిన్న బాపుకు కాగజ్‌నగర్ దోస్తు నంబరు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. 'మా ఇంట శుభకార్యం, కార్డు కొరకు కింద నొక్కండి' అని. దోస్తు బిడ్డ పెండ్లి కావచ్చు అనుకొని నొక్కిండు. కార్డు రాలే. ఫోను ఏదో అడిగింది. సరే అన్నడు. మళ్లేదో అడిగింది. దానికి గూడ సరే అన్నడు."

"మా తమ్ముడు సరే అన్నడా? పుట్టినకాడి నుంచి నాకొక్కసారన్న సరే అన్లే. దొంగలకు మాత్రం రెండుసార్లు సరే అన్నడా?"

"అత్తమ్మా, నవ్వకు! అది దొంగ యాప్. లోపటికి పోయి కూసుంది. మన మెసేజ్‌లు చదువుతది, బ్యాంకు నుంచి వచ్చే నంబర్లు దొంగలకు చేరేస్తది. అది సాలదన్నట్టు, అదే కార్డును బాపు ఫోన్ల ఉన్నోళ్లందరికి బాపు పేరు మీదనే పంపింది. నూట నలభై రెండు మందికి!"

"ఓ అవ్వో! మా తమ్మునికి గంతమంది సుట్టాలున్నరా?"

"సుట్టాలేంది? పాలాయన, ట్రాక్టరాయన, గ్యాస్ బండ తెచ్చే పిలగాడు, అందరికి పోయింది. ఇంట్ల పెండ్లి కావాల్సింది నేనొక్కదాన్నే గద, అందరు నాకే అనుకున్నరు. పొద్దుగాల పాలాయన 'పిలగాడు ఏం జేస్తడమ్మా' అని అడిగిండు. దుబాయిల సిద్దిరాములు కాకయితే లీవు గూడ అడిగిండట. 'నొక్కినవా కాకా' అంటే, 'నొక్కుడేంది బిడ్డా, పెండ్లి అని చూడంగనే సేటు కాడికి ఉరికిన' అన్నడు."

"సిద్దిరాములుకు పెండ్లి భోజనమంటే పానం. నొక్కినోళ్లు గూడ ఉన్నరా?"

"ఆరుగురు. ఫోను నెట్టు బంద్ జెయ్యిమని, బ్యాంకోళ్లకు చెప్పి ఖాతా ఆపియ్యమని, సైబర్ పోలీసుల నంబరు 1930కి ఫోన్ కొట్టుమని చెప్పిన. బాపుది గూడ గట్లనే చేసినం. పైసలైతే పోలే, జరంతల తప్పింది. ఫోను మొత్తం కడిగేసినట్టు రాత్రే చేసి పెట్టిండు రంజిత్ అన్న. ఇగ నేను, అవ్వ, అన్న, ముగ్గురం కలిసి పొద్దటి సంది ఒక్కొక్కలకు చెప్పుడే పని. నా గొంతు పోయింది."

"ఇంకెందరున్నరు?"

"అయిపోయిండ్రు. నువ్వే ఆఖరు."

"నేను ఆఖరా?"

"అంటే... అట్ల గాదు..."

"మేనత్తను. పాలాయన ఎన్కనా నేను? గ్యాస్ బండ ఎన్కనా?"

"అట్ల గాదు అత్తమ్మా, లిస్టుల..."

"లిస్టుల?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి గొంతు ఎందుకు గట్ల సన్నగైంది? చెప్పు."

"బాపు కాయితం మీద అందరి పేర్లు రాసిచ్చిండు. నీ పేరే మొదలు రాసిండు. కని... దాని మీద గీత గీసిండు. 'అక్కకు చెయ్యకు' అన్నడు. ఎందుకు బాపు అంటే, 'వద్దంటే వద్దు' అని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నాకే మనసు ఊకోలే. అందుకే పెరట్లకొచ్చి చేస్తున్న."

"గీత గీసిండా? ఊఁ. సన్న గీతనా, దొడ్డు గీతనా?"

"అత్తమ్మా!"

"ఉత్తగనే అడిగిన."

"కోపం పెట్టుకోకు. ఆయన సంగతి నీకెరుకే గద."

"నాకెరుక గాకపోతే ఎవలకెరుక? ఎత్తుకొని తిప్పినదాన్ని."

"ఒకటైతే మంచిగైంది. చదువుకున్నోళ్లే నొక్కిండ్రు, నువ్వు నొక్కలే. ఇగ ముంగట గూడ గట్లనే ఉండు. పెండ్లి కార్డననీ, కరెంటు బిల్లననీ, బ్యాంకు అననీ, ఏం వచ్చినా నొక్కకు. పంపినోళ్లకు ఫోన్ చేసి, 'నువ్వేనా పంపింది' అని అడుగు."

"నాకు చెప్తున్నవా? గా మెసేజ్‌ల పిల్ల పేరు లేదు, పిలగాని పేరు లేదు, లగ్గం తారీఖు లేదు. మేనత్త పేరు లేకుంట మనకాడ పెండ్లి కార్డు అచ్చేస్తరా? బొట్టు పెట్టందే నేను ఏ కార్డు ముట్ట."

"బొట్టు పెడితే నొక్కుతవా?"

"బొట్టు పెట్టినంక కార్డుతోని ఏం పని? మనిషే వచ్చె గద."

"గిది మంచిగున్నది. ఆగు... గదేం సప్పుడు?"

"ఏ సప్పుడు?"

"హారన్ కొట్టినట్టున్నది."

"టీవీ."

"ఓ అవ్వా, ధర్మపురి వస్తున్నది! సంచి తీస్కొని ముంగటికి రా!"

"గదెవరు అత్తమ్మా? ధర్మపురి అన్నది!"

"టీవీలనే."

"ఓ అవ్వా, నిన్నే! ఎప్పుడు చూడు ఫోను చెవికే! స్టేజీ దాటినంక ఒర్రితే బస్సు ఆపం, చెప్తున్న!"

"టీవీల మనిషి నీ సంచి ఎందుకడుగుతది? అత్తమ్మా, నువ్వు బస్సుల ఉన్నవా?"

"ఉన్న. ఉంటే ఏమాయె? ఇచ్చోడల ఎక్కిన, నిర్మల్‌ల మారిన, జగిత్యాలల మారిన. మోకాళ్లు పట్టేసినయి. గా కండక్టరమ్మ మంచిది, సీటు ఇప్పిచ్చింది."

"అయ్యో అత్తమ్మా! లేని పెండ్లికి వస్తున్నవా? బొట్టు పెట్టంది రానంటివి గద!"

"పెండ్లికి ఎవలు వస్తుండ్రు? నేను కొట్లాటకు వస్తున్న."

"కొట్లాటకు సంచి ఎందుకు? ఏమున్నయి అండ్ల?"

"జొన్నరొట్టెలు. రోట్ల దంచిన మిర్చి ఠేచా. మీ బాపుకు పానం. ఇంకా నీకొక చీర."

"కొట్లాటకు రొట్టెలా?"

"తిన్నంకనే కొట్లాడుత. ఆకలి మీద ఉంటే మా తమ్మునికి మాట రాదు, నేనొక్కదాన్నే ఒర్రాలె."

"దేవుడా! ఇగ నేనేం జేతు? విను, బస్టాండ్ల దిగి ఆడనే కూసో. నేను బండి మీద వస్త. సక్కగ గుడికి తీస్కపోత. దర్శనం జేస్కో, పులిహోర తిను. గీ నడుమ నేను బాపుకు మెల్లగ చెప్త."

"దేవుడు యాడికి పోతడు? ముందుగాల తమ్ముడు."

"అత్తమ్మా, నీకు సమజైతలేదు. పేరు మీద గీత గీసిన మనిషి. నిన్ను చూసి తలుపేసుకుంటే? నువ్వు మోకాళ్లు పట్టుకొని గంత దూరం వచ్చి, వాకిట్లకెళ్లే ఎన్కకు పోతే? ఇంకో నాలుగేండ్లు మాట బంద్ అయితది. అన్న లగ్గంల నువ్వు లేవు. పసుపు దంచేటప్పుడు అందరు 'మేనత్త ఏది' అన్నరు. నాకు ఏడుపొచ్చింది. నా లగ్గం నిజంగ అయినప్పుడు గూడ నువ్వు లేకపోతే... నాకది వద్దు అత్తమ్మా."

"ఏడుస్తున్నవా?"

"లేదు."

"లేదంటనే ముక్కు చీదుతున్నవ్. ఆగు, దిగుతున్న. అమ్మా, జర చెయ్యి పట్టు... ఆఁ, సంచి ఇటియ్యి. సల్లగుండు బిడ్డా. వందనా, ఉన్నవా?"

"ఉన్న. బండి తీస్తున్న."

"నువ్వు బండి తియ్యకు. మీ బాపును పంపు."

"బాపు రాడు అత్తమ్మా! ఎన్నిసార్లు చెప్పాలె? నీ పేరు మీద గీత..."

"గీత కోపంతోని గీసింది గాదు పిల్లా. నీ పాలాయన పేరు మీద నువ్వు గీత గియ్యలేదా?"

"గీసిన. చెప్పుడైపోయినోళ్ల పేర్లు ఒక్కొక్కటే గీసుకుంట వచ్చిన... అత్తమ్మా! అంటే నీకు ముందే ఎరుకనా?"

"పొద్దుగాల అయిదున్నరకే ఎరుక. మీరందరు అప్పుడు పండుకొని ఉన్నరు."

"మరి గింతసేపు నాతోని ఆటలాడినవా? 'దొంగలు పెండ్లి కార్డులు పంచుతరా' అంటివి! నా గొంతు పోతుంటే!"

"నాలుగేండ్ల సంది ఫోన్ చెయ్యని కోడలిపిల్ల 'అత్తమ్మా, అత్తమ్మా' అని పిలుస్తుంటే, నాకన్ని ఎరుకేనని చెప్పి ఫోను పెట్టేసుకుంటనా? ఇంకొంచెంసేపు విననియ్యవా?"

"సరే. బాపు ఏమన్నడు చెప్పు."

"వాయిస్ మెసేజ్ పెట్టిండు. తొవ్వల ఎన్నిసార్లు విన్ననో, కండక్టరమ్మకు గూడ నోటికి వచ్చింది. 'అక్కా' అనంగనే గొంతు వణికింది, గా వణుకు ఏ దొంగకు రాదు. 'అక్కా, గా కార్డు నొక్కకు, అది నేను పంపలే. నేను పిలిస్తే మీ ఇంటికొచ్చి బొట్టు పెట్టే పిలుస్త' అన్నడు. గా మాట విన్నంక ఇగ బొట్టు దాక ఎవలు ఆగుతరు బిడ్డా, మొదటి బస్సే ఎక్కిన!"